గంగాధరం కుడి పిక్క

మా జిమ్‌కు వచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే యావ. భుజాలు, ఛాతీ, చేతులు. అద్దంలో కనిపించేదే పెంచుతారు. మోకాలి కింద కూడా ఒళ్లుందన్న సంగతి వాళ్లకు గుర్తే ఉండదు. "పిక్కలు ఎవురు సూస్తారన్నా, ప్యాంటు ఉండాది గదా" అన్నాడొకడు మొన్న. వాడి మొహం! పైన పహిల్వాను, కింద కొంగ. అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఒక్కడి చెవికీ ఎక్కలేదు.

పిక్కల కోసమే మా గడప తొక్కి, పిక్కల కోసమే చెమటోడ్చిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు గంగాధరం. యాభై దాటినవాడు. పంచె కట్టుకుని, చేతికర్ర ఊతంగా, చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు.

నా పేరు ఆఫ్తాబ్. చిత్తూరులో మా నాయన సైకిల్ షాపు పెట్టుకున్న రేకుల షెడ్డులోనే ఇప్పుడు జిమ్ నడుపుతున్నాను. నాకు కోపం ఎక్కువని మా బజారంతా తెలుసు. ఆ పొద్దున కూడా ఎవడో బరువు ప్లేట్లు ఎక్కడివక్కడ పడేసి పోతే పేరు పేరునా తిడుతున్నాను. గంగాధరం నా తిట్లు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, పంచె మోకాళ్ల పైకి ఎత్తాడు.

"సూడు సాయిబూ. దీన్ని మల్లా కాలుగా చెయ్యాల."

ఎడమ పిక్క గట్టిగా, నిండుగా ఉంది. కుడిదాంట్లో చర్మం, ఎముక తప్ప ఏమీ లేదు. రెండూ ఒకే మనిషి కాళ్లంటే నమ్మబుద్ధి కాలేదు. 

జరిగింది ఇది. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర లారీల మీంచి కాయలు దించే పని ఆయనది. ఒకనాడు వానలో తోతాపురి కాయల క్రేటు ఎత్తుకుని లారీ వెనక నుంచి జారిపడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. పుత్తూరు తీసుకుపోయి నాటువైద్యుల కట్టు కట్టించారు. ఎముక ఏ వంకరా లేకుండా చక్కగా అతుక్కుంది. కానీ కట్టు విప్పి "ఇంక నడువు" అన్నాక కూడా ఈయన ఆ కాలిని నేలకు ఆనించలేదు. మళ్లీ విరుగుతుందేమోనని భయం. నెలల తరబడి కర్ర మీద బరువంతా వేసి కుంటుతూ తిరిగాడు. పని లేని కండ ఊరికే కూర్చోదు కదా, కరిగిపోయింది.

"నడిసేదానికైతే జిమ్ము ఎందుకన్నా? దినామూ కొంచెం కొంచెం బరువు ఆనించి నడువు, అదే వస్తాది" అన్నాను.

"నడిసేదానికి కాదప్పా. మాను ఎక్కేదానికి."

నేను ఆయన కుడికాలి వంక మళ్లీ చూశాను.

ఈ వైపు వాళ్లు కానివాళ్లకు ఆ మాను సంగతి చెప్పాలి. ఎండాకాలం వస్తే మా చిత్తూరు పల్లెల్లో భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. అందులో అర్జునుడు తపస్సుకు పోయే రోజుంది. ఆ రోజు గుడి ముందర ఎత్తయిన తాటిమాను పాతుతారు. కాలు పెట్టుకోవడానికి దాని పొడుగునా కొయ్యమేకులు దిగ్గొట్టి ఉంటాయి. అర్జునుడి వేషం కట్టినవాడు మధ్యాహ్నం ఎండలో, వట్టి కాళ్లతో, మేకు మేకు మీదా ఆగి పద్యం పాడుకుంటూ కొసదాకా ఎక్కాలి. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడి చీరలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. ఆయన పైకి చేరాక లేచి మోకాళ్ల మీద కూర్చుని కొంగు పడతారు. పైనుంచి ఆయన పండ్లు విసురుతాడు. పండు పడినామెకు కడుపు పండుతుందని నమ్మకం. గంగాధరం వాళ్ల మిట్టపల్లెలో తాడు కట్టుకుని ఎక్కడం ఒప్పుకోరు. పద్యాలు ముగియకుండా, పండ్లు అయిపోకుండా దిగడమూ ఒప్పుకోరు. ఆ ఊళ్లో ఆ వేషం ఏళ్ల తరబడి ఈయనదే.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఈ కాలుతో మానెక్కుతావా? పడితే నువ్వొక్కడివే పోవు. కింద పడుకున్న ఆడబిడ్డల మీద పడతావు. పో, పో. ఇంకెవురినన్నా ఎక్కమని చెప్పు" అని అరిచాను.

ఆయన పోలేదు. బెంచీ మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు, కోమలి. ఏర్పేడులో హాస్టల్ మెస్‌లో సూపర్‌వైజరు. అల్లుడు మంచివాడు. పెళ్లయి చాలా కాలమైంది గానీ పట్టిన కడుపులు నిలవలేదు. తర్వాత అసలు రాలేదు.

"ఎవురెవురి బిడ్డలకో ఈ చేత్తో పండ్లేసినా సాయిబూ. మరు సంవత్సరం పసిబిడ్డల్నెత్తుకోనొచ్చి నా కాళ్ల కాడ పెట్టినారు. నా బిడ్డ ఒక్క తూరి కూడా ఒచ్చి కొంగు పట్టలేదు. ఎంత బతిమాలినా రానన్నిది. నేను కట్టుతో పడుకోని కూడు ముట్టకుండా ఉంటే, అప్పుడు చెప్పిది, 'నువ్వు లేసి మానెక్కు నాయనా, నేనొచ్చి కొంగు పడతా' అని. ఇంగ నేనెక్కకుంటే ఎట్ల? నువ్వే చెప్పు."

నాకూ ఆడపిల్ల ఉంది. మర్నాడు పొద్దున్నే రమ్మన్నాను. "ఆ కర్ర మాత్రం బయటే పెట్టి రా. లోపలికి తెచ్చినావంటే దాంతోనే కొడతా" అన్నాను.

పిక్క అంటే ఒక కండ కాదు. పైకి గుండ్రంగా కనిపించేది ఒకటి. మోకాలు నిటారుగా ఉన్నప్పుడు దానికి పని. దాని కింద అణిగి వెడల్పాటిది ఇంకొకటి ఉంటుంది. మోకాలు వంగితే బరువు దాని మీదికి పోతుంది. మాను మీద మనిషి మోకాళ్లు వంచే నిలబడతాడు గనక గంగాధరానికి ఆ లోపలిదే ప్రాణం. అందుకని నిలబెట్టీ చేయించాను, కూర్చోబెట్టీ చేయించాను. మెట్టు అంచున మునివేళ్లు పెట్టి, మడమలు గాల్లో ఉంచి పైకి లేవాలి. దిగేటప్పుడు మెట్టు కంటే కిందికి, పిక్క సాగి గుంజేదాకా, మెల్లగా దించాలి. తర్వాత కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద ఇసుక మూట పెట్టుకుని, మళ్లీ మడమలు ఎత్తడం, దించడం. కాలి ముందువైపు కండ కోసం మడమల మీద నిలబడి వేళ్లు పైకి లాగడం. చూసేవాళ్లకు ఇదేం కసరత్తు అనిపిస్తుంది. చేసేవాడికి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

మొదట్లో ఆయన ఎడమకాలు దొంగతనంగా బరువంతా మోసేది. "నీ ఎడమకాలు ఊరి పెద్దమనిషన్నా, పిలవకపోయినా పంచాయితీకి వచ్చేస్తాడు" అని దాన్ని తట్టి పక్కకు జరిపేవాణ్ణి. నవ్వేవాడు. ఆ కాలిని ఎత్తి పట్టుకుని కుడికాలి మీదే లేవమంటే మాత్రం నవ్వు పోయేది. గోడ పట్టుకుని వణికేవాడు. సగం లేచి కూలబడేవాడు. నేను తిట్టేవాణ్ణి, ఆయన మళ్లీ లేచేవాడు.

పిక్క మొండిది. చెయ్యి తొందరగా మాట వింటుంది, పిక్క వినదు. పుట్టినప్పటి నుంచీ మనిషిని మోస్తూ అలవాటుపడింది, కొద్దిపాటి బరువుకు అది కదలదు. వారాలు గడిచినా టేపు పెట్టి చూస్తే అదే కొలత. గంగాధరం మొహం వాడిపోయేది. "టేపు దాసేయ్ సాయిబూ" అన్నాడు ఒకరోజు. దాచేశాను. గుడ్లు తినమన్నాను, ఉడికించిన శనగలు తినమన్నాను, నిద్ర పొమ్మన్నాను. సంక్రాంతి దాటాక ఒక పొద్దున ఒంటికాలి మీద పైకి లేచి, అక్కడే ఆగి, గొంతెత్తి పద్యం అందుకున్నాడు. పైన పాడాలి కదా, అలవాటు కావాలన్నాడు. జిమ్‌లో కుర్రాళ్లు పాటలు ఆపేసి చూశారు. ఆ సన్నటి కాలి వెనక కండ తాడులా లేచి నిలబడింది. నేను వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాను. తర్వాత మామూలుగానే తిట్టాను.

అంతా అయిందనుకుంటే మిట్టపల్లె గుడి పెద్ద దొరస్వామి అడ్డం తిరిగాడు. సత్యవేడు వైపు నుంచి వేరే వేషగాణ్ణి పిలిపిస్తామన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. కింద ఉండేది ఊరి ఆడబిడ్డలు. గంగాధరం కాళ్లావేళ్లా పడితే, "సరే, నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కి దిగు, సూస్తాం" అన్నాడు. ఊరంతా చేరింది. నేనూ పోయాను. గంగాధరం చెప్పులిడిచి ఆ ఇనుప నిచ్చెన ఎక్కాడు. మధ్యలో ఆగి, ఎడమకాలు గాల్లోకి ఎత్తి, కుడికాలి మీద నిలబడి పద్యం పాడాడు. దొరస్వామి తల పైకెత్తి చూసి చూసి, "దిగప్పా సామీ, దిగు. యేషం నీదే" అన్నాడు.

కంకణం కట్టుకున్నాక ఆయన జిమ్‌కు రావడం మానేశాడు. నియమాలుంటాయి. ఇంటి మెట్ల మీదే చేసుకుంటానన్నాడు. ఒంటిపూట భోజనమని చెప్పాడు. "నీళ్లు తాగొచ్చు గదా?" అని అడిగాను. తాగొచ్చన్నాడు. మేం రంజాన్‌లో ఎండాకాలమైనా నీళ్లు లేకుండా ఉండేవాళ్లం, ఒంటిపూట ఏముందిలే అనుకున్నాను. ఆయన నాకు చెప్పనిది ఒకటుంది.

అది తపస్సు రోజున కోమలి చెప్పింది. ఎండ నడినెత్తిన ఉంది. మాను చుట్టూ తాడు కట్టి జనాన్ని బయట నిలబెట్టారు. డప్పులు మోగుతున్నాయి. ముప్పయ్యేళ్లు కూడా లేని సన్నటి అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఆఫ్తాబన్న మీరేనా? నేను గంగాధరం కూతుర్ని" అంది. చీర పొడిగా ఉంది. మొహం పాలిపోయింది.

"నాయన ఉప్పు మానేసినాడన్నా. నా కోసరమని కంకణం కట్టినప్పటి నుంచీ సప్పిడి కూడే తింటా ఉండాడు. ఒంటికే వొండుకుంటాడు గదా, ఎవురికీ తెలీదు. ఇప్పుడే చెప్పినాడు నాకు, గొప్పగా."

"యా అల్లా!" అన్నాను. ఉప్పు లేకుండా ఇన్నాళ్లు, ఈ ఎండలో ఈ చెమట! కండ ఎంత పెరిగితే ఏం లాభం? ఉన్నట్టుండి పట్టేస్తే రాయిలా బిగుసుకుపోతుంది. జనాన్ని తోసుకుని తాడు దాకా పరుగెత్తాను, నా వెనకే కోమలి. అప్పటికే గంగాధరం కిరీటం పెట్టుకుని, భుజాన పండ్ల సంచి తగిలించుకుని మొదటి మేకు మీద కాలు పెట్టాడు. జనం గోవింద కొట్టారు. ఇక దిగమనడానికి లేదు.

ఎక్కడంలో మాత్రం తిట్టేందుకు నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. మునివేళ్లు మేకు మీద, మడమ కదలకుండా, ఒక్కో పద్యం నిదానంగా పాడుతూ పోయాడు. ఎడమకాలు, కుడికాలు, మళ్లీ ఎడమకాలు. కింద ఆడవాళ్లు దుమ్ములో బోర్లా పడి ఉన్నారు. తడి చీరలు అప్పుడే ఆరిపోతున్నాయి. ఆయన కొస చేరాడు. ఆడవాళ్లు లేచి మోకాళ్ల మీద కూర్చుని కొంగులు పట్టారు. పండ్లు పడసాగాయి. ఎవరి ఒడిలోనో పండు పడితే ఆమె గట్టిగా ఏడ్చింది.

సంచి ఖాళీ అయింది. గంగాధరం చేతిలో ఒక్క పండు మిగిలింది. ఆయన దాన్ని విసరలేదు. పద్యం పాడుతూనే తల వంచి కిందున్న మొహాలన్నీ వెతుకుతున్నాడు.

నేను పక్కకు చూశాను. కోమలి నా పక్కనే నిలబడి ఉంది.

"పోమ్మా! నీ కోసరమే సూస్తా ఉండాడు."

"నేను పోనన్నా" అంది. "అప్పుడు కూడు తింటాడని అట్ల చెప్పినా. కొంగు పడితే మల్లా ఆశ పడతాది మనసు. నెల నెలా లెక్కేసుకోని ఏడ్సే ఓపిక నాకింగ లేదు. మా నాయనకు అర్థమే కాదు."

నేను పైకి చూశాను. అప్పుడు కనిపించింది. గంగాధరం కుడి మడమ దానంతటదే పైకి లేచిపోయింది. వేళ్లు మేకు చుట్టూ ముడుచుకున్నాయి. పిక్క ముద్దగా ఒకచోటికి చేరి బిగుసుకుంది. పాడుతున్న పద్యం తెగిపోయింది. ఆయన మానును రెండు చేతులా కావలించుకుని నుదురు ఆనించాడు. జనం దాన్ని భక్తి అనుకున్నారు. "గోవిందా" అని దిక్కులు అదిరేలా అరిచారు.

"మడమ దించన్నా! మడమ!" అని నేనూ అరిచాను. ఆ డప్పుల్లో నా గొంతు నాకే వినబడలేదు.

ఇంక ఆగలేకపోయాను. తాడు కింద దూరి, చెప్పులు విసిరేసి, హరికథ చెప్పే ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. ఇంకెవరో "సాయిబు ఏందిరా మైకు పట్టుకునేది!" అన్నారు. దొరస్వామి ఒక్కడు నా మొహం చూసి ఏదో అర్థమై, చెయ్యెత్తి డప్పులు ఆపించాడు.

"గంగన్నా, నేను ఆఫ్తాబును. వినబడతా ఉండాదా? కుడి మడమ కిందికి. మేకు కన్నా కిందికి. మెట్టు మీద దించుతావే, అట్ల. ఎడమకాలి మీద బరువు పెట్టుకో. తొందరొద్దు. దించు. ఇంకా దించు."

పైన ఆ మడమ వణుకుతూ కొంచెం దిగింది. ఆగింది. మళ్లీ దిగింది. పిక్క సాగింది. ఆయన నోరు తెరిచి ఊపిరి పీల్చుకోవడం కింది నుంచే కనిపించింది.

"ఇంగ పండు యేసేసి దిగిపో గంగాధరం" అన్నాడు దొరస్వామి మైకు అందుకుని.

గంగాధరం తల అడ్డంగా ఊపాడు. పండున్న చేతిని గుండెకు అదుముకున్నాడు. కూతురు కనపడేదాకా వేసేది లేదు, పండు వేయకుండా దిగేది లేదు. అంతే. నాకు తెలుసు, ఒకసారి పట్టిన పిక్క మళ్లీ పడుతుంది. ఈసారి పడితే ఎడమది కూడా తోడు పడుతుంది. అప్పుడిక చేతులు ఎంతసేపు ఆపుతాయి? ఎర్రటి ఎండలో మనిషి ఆకులా వణుకుతున్నాడు. కింద ఆడవాళ్లు లేచి పోవాలా కూర్చోవాలా తెలియక ఒకరినొకరు పట్టుకున్నారు.

కోమలి తాడు దాటి నా పక్కగా పరుగెత్తింది. ఆడవాళ్లు చీరలు తడుపుకునే తొట్టి దగ్గర బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించుకుంది. నీళ్లు కారుతుండగానే ఆడవాళ్ల మధ్యలోకి పోయి మోకాళ్ల మీద పడింది. కొంగు రెండు చేతులా చాచి, మొహం పైకెత్తి, "నాయనా! ఈడుండా! ఎయ్యి నాయనా!" అని కేక పెట్టింది.

గంగాధరం ఆ గొంతు విన్నాడు. చివరి పద్యం అందుకున్నాడు. గొంతు బొంగురుపోయింది, అయినా వదల్లేదు. పద్యం అయ్యాక పండు విసిరి, విసిరిన చేతిని మళ్లీ మానుకు చుట్టి, కళ్లు మూసుకున్నాడు.

పండు కోమలి కొంగులో పడలేదు. ఆ చెయ్యి అంతగా వణికింది మరి. పక్కనున్న ఆమె ఒడిలో పడింది. పలమనేరు నుంచి వచ్చిందట ఆమె, నా కంటే కూడా పెద్దది, నలభై దాటినట్టుంది. పండునూ కోమలినీ మార్చి మార్చి చూసింది. తర్వాత రెండు చేతులతో పండు తీసి కోమలి ముందు పెట్టింది. "నీ కోసరం యేసిందమ్మా ఇది, తీసుకో" అంది. కోమలి ఆమె వేళ్లను పండు చుట్టూ మూసేసింది. "నీకొచ్చిందక్కా, నువ్వే తిను" అంది.

గంగాధరం దిగడం మొదలుపెట్టాడు. పైకి ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడే మనిషి బరువంతా పిక్క మీద ఉంటుంది, చూడకుండా కింది మేకు వెతుక్కోవాలి. సగం దూరంలో కుడిపాదం మేకు తప్పి గాల్లో తిరిగింది. ఆడవాళ్లు చావుకేక పెట్టారు. ఎడమకాలు ఒక్కటే ఆపింది. ఆయన ఆ పాదాన్ని వెతికి వెతికి మళ్లీ మేకు మీద పెట్టి, దాని మీదే బరువు మోపి దిగాడు. ఎముక తప్ప ఏమీ లేదని నేను నోరెళ్లబెట్టిన కాలు, ఆ రోజు నిండు మనిషిని మోసింది.

నేల తగలగానే కూలబడ్డాడు. జనం కాళ్లకు మొక్కడానికి ఎగబడ్డారు. నేను నోటికొచ్చినట్టు తిట్టి అందరినీ వెనక్కి నెట్టి, ఆయన కాలు చాపి వేళ్లు వెనక్కి వంచి పట్టుకున్నాను. కోమలి పరుగున వచ్చి పిక్కను రెండు చేతులా పట్టుకుంది. గంగాధరం కళ్లు తెరిచాడు. చెమటకు మొహం రంగంతా కరిగి కళ్లల్లోకి కారుతోంది.

"పడిందామ్మా?"

"పడింది నాయనా. తినేసినా కూడా."

ఆయన కూతురి మొహం చాలాసేపు చూశాడు. తర్వాత తల నా వైపు తిప్పాడు.

"సాయిబూ, నీకు నోరు సెడ్డది గానీ అబద్ధం రాదు. నువ్వు సెప్పు. పడిందా?"

నా పక్కన పలమనేరామె ఇంకా పండు పట్టుకుని నిలబడే ఉంది. కోమలి తలెత్తలేదు.

"పడిందన్నా" అన్నాను. "నేనీ కండ్లతో సూసినా. నేరుగా నీ బిడ్డ ఒళ్లోనే పడింది."

ఆయన నా చొక్కా రెండు చేతులా పట్టుకుని, నా భుజం మీద మొహం పెట్టి, జనమంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. కోమలి మాత్రం తల వంచుకుని ఆ పిక్కను పిసుకుతూనే ఉంది.